కాటా చీటీ

ఎదుర్లంక వైపు వంతెన దిగగానే
ఎడం పక్క రేకుల షెడ్డు. అందులో నేను.
ఇరవై రెండేళ్లుగా లారీలు తూస్తున్నాను.
నిండు బరువు, ఖాళీ బరువు, తీసివేత:
నాకొచ్చిన లెక్క అదొక్కటే.

కొబ్బరికాయల బండి ఇక్కడ
తొమ్మిది టన్నుల ఎనభై.
గౌతమి దాటి యానాంలో తూచినా
తొమ్మిది టన్నుల ఎనభై.
నది మధ్యలో ఎక్కడో రాష్ట్రం మారింది,
ఏ కాయకీ ఆ సంగతి తెలీదు.

మారేదల్లా ధర.
అవతల సీసా ఒక రేటు, ఇవతల ఒక రేటు.
మా మేనల్లుడు సత్తిరాజు
రెండు సీసాలు లుంగీలో దోపుకొస్తుంటే
హెడ్డు వీర్రాఘవులు పట్టుకున్నాడు.
కేసు. నాలుగు వాయిదాలు.
వాయిదాకో రోజు కూలి గోవిందా.
ఆ సీసాలేమయ్యాయని నేనడగలేదు.
రాఘవులూ చెప్పలేదు.

మొన్న చెక్‌పోస్టుకి కొత్త గేటొచ్చింది.
ఎరుపూ తెలుపూ చారల గొట్టం,
కెమెరాలు నాలుగు, జనరేటరొకటి,
రాతిపలక మీద పేర్లు పదకొండు.
ఖర్చు అంకె ఎక్కడా లేదు.
ఇచ్చినవాళ్ల పేర్లయితే అసలే లేవు.
అవన్నీ చెక్కాలంటే
ధవళేశ్వరం ఆనకట్టంత రాయి కావాలి.
బిస్కట్ పొట్లం కొనుక్కున్న పిల్లాడు కూడా
ఆ గేటుకి ఒక మేకు ఇచ్చాడు,
వాడికెవరూ చెప్పలేదు.

మా పంటకాలువ మీద
చిన్న వంతెన కావాలని ఎన్ని అర్జీలో!
చివరికి కొల్లు నాగరత్నం
గుమ్మం గుమ్మం తిరిగి
పదకొండు వేల నాలుగొందలు పోగేసింది.
ఏడు తాటి దూలాలు, రెండు రోజుల పని.
ఇవ్వనన్నవాణ్ణి పల్లెత్తు మాటనలేదు,
వాడి పిల్లలూ దాని మీదే బడికెళ్తున్నారు.
ఏడాది తిరిగాక ఒకాయన జీపులో వచ్చి
టేపు పెట్టి కొలిచి
అనుమతి కాగితం చూపించమన్నాడు.

'ఇంత మాట్లాడతావ్,
గోదారి మీద ఈ పెద్ద వంతెన ఎవరు కట్టారోయ్?'
అంటాడు రాఘవులు, నా బెంచీ మీదే కూచుని.
నిజమే.
దాటడానికి కట్టినవాళ్లే
అడ్డంగా గొట్టమూ పెట్టారు.
తుఫాను రాత్రి మా అమ్మని
నడుంలోతు నీళ్లలోంచి తెచ్చింది సర్కారు పడవే.
షెల్టరులో పులిహోర పొట్లం నేనూ తిన్నాను.
దొంగ తూకం నాకు చేతకాదు,
అదీ లెక్కలో వేశాను.
వేసి తీసేశాక
ఇంకా బాకీ వాళ్ల వైపే కనపడుతోంది.
రాఘవులికి వేరేలా కనపడుతుందేమో.
జీతం ఒకటో తారీకున పడుతుంది కదా.

ఆషాఢంలో నాట్లకి
బెంగాల్ నుంచి పద్నాలుగు మంది వచ్చారు,
వ్యానులో, మూటలతో, ఒక డోలుతో.
గేటు దగ్గర మూడు గంటలు.
ఏ ఊరు? కార్డేది? ఎవరు పిలిచారు?
పిలిచింది నారు.
ముదిరిపోతున్న నారు కంటే గట్టిగా
ఎవరు పిలుస్తారు?
అవతల గట్టు మీద పెసింగి సుభద్ర
అన్నం వార్చి, గిన్నె మీద మూత పెట్టి
రోడ్డు వైపు చూస్తోంది.
వాళ్లకి పని కావాలి, ఆవిడకి చేతులు కావాలి.
మూడో మనిషికి ఏం కావాలో
అందరికీ తెలుసు, పైకి అనరు.

'ఓవర్‌లోడు. తూయించుకు రండి' అన్నాడు రాఘవులు.
వచ్చారు. బండితో తూచాను,
మనుషుల్ని దించి మళ్లీ తూచాను.
పద్నాలుగు మంది, మూటలూ, డోలూ:
తొమ్మిది వందల ఇరవై కిలోలు.
నిమాయ్ అనే కుర్రాడు
ఆ ఎర్ర అంకె చూసి పడీ పడీ నవ్వాడు.

చీటీ రాశాను. బండి నంబరు, బరువు, టైము.
ఏ ఊరివాడని అడిగే గడి
నా చీటీలో లేదు.
యాభై రూపాయలు తీసుకున్నాను.
ముందే రేటు చెప్పి తీసుకున్నాను.